అమెరికా సైట్‌లో డీఓ మీటర్ 16 వేలు, నెల్లూరులో 27 వేలు: మన గుమ్మం దాకా వచ్చేసరికి ఎంతవుతుంది?

ముందు మీ ప్రశ్న మరోసారి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకి కూడా ఉపయోగపడుతుంది. మీకు అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు ఉన్నాయి. నీళ్లలో కరిగిన ఆక్సిజన్ కొలవడానికి డీఓ మీటర్ కావాలి. అమెరికా సైట్‌లో దాని ధర మన డబ్బుల్లో 16 వేలు, కొరియర్‌కి ఇంకో 3 వేలు. అదే కంపెనీ, అదే మోడల్ నెల్లూరు షాపులో 27 వేలు చెప్పారు. షాపు వాళ్లు దోచుకుంటున్నారా, నేరుగా తెప్పించుకుంటే 8 వేలు మిగులుతాయా అన్నది మీ సందేహం. గిఫ్ట్ అని రాయిస్తే పన్ను పడదని ఒకరు, న్యూజెర్సీలో ఉన్న మీ బావగారి చేత పంపించుకోమని ఇంకొకరు మీకు సలహా ఇచ్చారు.

నేను ఒంగోలులో ఉంటాను. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీలకు మిషన్ల విడిభాగాలు బయటి దేశాల నుంచి తెప్పించే కాగితాల పని చాలా ఏళ్లుగా చూస్తున్నాను. ఈమధ్య కొత్తపట్నం, కావలి వైపు ఆక్వా రైతులు కూడా మీటర్లూ ప్రోబ్‌లూ (నీళ్లలో ముంచే కొలత కడ్డీలు) తెప్పించుకుంటూ ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. మీకు సూటిగా జవాబు: 8 వేలు మిగలవు. అన్నీ సవ్యంగా జరిగితే మిగిలేది వెయ్యి రూపాయల లోపే. ఆ వెయ్యి కోసం మీరు వదులుకునేది చాలా ఎక్కువ. ఎలాగో లెక్క వేసి చూపిస్తాను.

కస్టమ్స్ వాళ్లు వస్తువు ధర ఒక్కదాని మీదే పన్ను వేయరు. ధర, రవాణా ఖర్చు, ఇన్సూరెన్స్ మూడూ కలిపిన మొత్తం మీద వేస్తారు. ఇన్సూరెన్స్ ఎంతో బిల్లులో విడిగా లేకపోతే వస్తువు ధరలో 1.125 శాతం అనుకుని కలుపుతారు. విమానంలో వచ్చే సరుకుకి రవాణా ఖర్చును ధరలో 20 శాతానికి మించి లెక్కలోకి తీసుకోరు. మీ విషయంలో 16 వేలకి 20 శాతం అంటే 3,200. మీ కొరియర్ 3,000 కాబట్టి ఉన్నది ఉన్నట్టే కలుస్తుంది. 16,000కి 3,000, ఇన్సూరెన్స్ కింద 180 కలిపితే 19,180. పన్నులన్నీ దీని మీదే మొదలవుతాయి.

నీళ్లను పరీక్షించే ఇలాంటి పరికరాలు కస్టమ్స్ టారిఫ్‌లో, అంటే ఏ వస్తువుకి ఎంత సుంకమో చెప్పే పట్టికలో, 9027 శీర్షిక కింద వస్తాయి. వాటికి మూల సుంకం 7.5 శాతం వేసుకుందాం. 19,180 మీద అది 1,438 రూపాయలు. ఆ సుంకం మీద 10 శాతం సామాజిక సంక్షేమ సర్‌చార్జి, అంటే 144. ఇప్పుడు ఈ రెండూ అసలుకి కలిపి, వచ్చిన 20,762 మీద 18 శాతం ఐజీఎస్‌టీ, అంటే దిగుమతుల మీద పడే జీఎస్‌టీ, వేస్తారు. అది 3,737. మొత్తం పన్ను 5,320 దాకా అయింది. చాలామంది 7.5కి 18 కలిపి 25.5 శాతం అనుకుంటారు. పన్ను మీద పన్ను పడుతుంది కాబట్టి నిజానికి 27.735 శాతం అవుతుంది. అది కూడా రవాణా ఖర్చు కలిపిన మొత్తం మీద.

పన్నుతో అయిపోలేదు. కొరియర్ కంపెనీ మీ తరఫున కస్టమ్స్‌కి డబ్బు కట్టి, కాగితాలు దాఖలు చేసినందుకు ఫీజు తీసుకుంటుంది. ఆ ఫీజు మీద మళ్లీ 18 శాతం జీఎస్‌టీ. కంపెనీని బట్టి ఇది మారుతుంది. వెయ్యి అనుకుంటే జీఎస్‌టీతో 1,180. ఇక మీ బ్యాంకు కార్డు. విదేశీ కరెన్సీలో కట్టినప్పుడు చాలా కార్డులు 3.5 శాతం దాకా మార్కప్, అంటే అదనపు రుసుము, వేస్తాయి, దాని మీద కూడా జీఎస్‌టీ ఉంటుంది. 19 వేలకి అది దాదాపు 785. అన్నీ కూడితే 16,000, 3,000, 5,320, 1,180, 785 కలిపి 26,285 రూపాయలు. నెల్లూరు షాపు ధర 27,000. తేడా 715.

షాపు వాళ్లు దోచుకుంటున్నారన్న మాట ఇప్పుడు ఎంతవరకు నిలుస్తుందో మీరే చూడండి. వాళ్లూ అదే సుంకం కట్టి తెస్తారు. పదులో వందో ఒకేసారి తెప్పిస్తారు కాబట్టి ఒక్కో దానికి రవాణా తక్కువ పడుతుంది. ఆ మిగులులోంచే డిస్ట్రిబ్యూటర్ లాభం, షాపు లాభం, వారంటీ ఖర్చు వెళ్లాలి. అన్ని వస్తువులకీ ఇలాగే ఉంటుందని చెప్పను. ఇక్కడ ఒకే డీలర్ ఉండి, పోటీ లేక రెండింతలు చెప్పే ప్రోబ్‌లు నేను చూశాను. మీ మీటర్ విషయంలో మాత్రం ఆ షాపు ధర న్యాయమైనదే.

ధరల తేడా అసలు ఎక్కడ మొదలవుతుందో కూడా తెలిసి ఉండాలి. మన దగ్గర పెట్టె మీద రాసిన ఎంఆర్‌పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. అమెరికా సైట్లలో చూపించే ధరలో అక్కడి సేల్స్ ట్యాక్స్ ఉండదు, చివర్లో బిల్లు వేసేటప్పుడు రాష్ట్రాన్ని బట్టి కలుపుతారు. ఇంగ్లండ్ సైట్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ చూపించే ధరలో 20 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది, దేశం బయటికి పంపేటప్పుడు కొందరు అమ్మకందారులు ఆ వ్యాట్ తీసేస్తారు. జపాన్‌లో ఆ పన్ను 10 శాతం. అందుకే అమెరికా ధర కంటికి చవగ్గా, ఇంగ్లండ్ ధర ఖరీదుగా కనిపిస్తాయి. రెండింటినీ డెలివరీ చిరునామా దగ్గర మన పిన్‌కోడ్ వేసి, చివరి పేజీ దాకా వెళ్లి చూస్తేనే సరైన ధర తెలుస్తుంది. కొన్ని పెద్ద సైట్లు మన సుంకాన్ని ముందే అంచనా వేసి, డిపాజిట్‌గా తీసుకుని, తర్వాత గుమ్మం దగ్గర ఏమీ అడగవు. కొత్తవాళ్లకి అదే మేలు. సుంకం కలిసిందో లేదో చివరి పేజీలో రాసి లేకపోతే కలవలేదనే అనుకోండి.

గిఫ్ట్ సంగతి. ఇది గట్టిగా చెప్తున్నాను, ఆ పని చేయించకండి. ఒకప్పుడు 5 వేల రూపాయల లోపు గిఫ్ట్‌లకి సుంకం మినహాయింపు ఉండేది. దాన్ని అడ్డం పెట్టుకుని విదేశీ సైట్లు ప్రతి పార్శిల్ మీదా గిఫ్ట్ అని రాసి పంపడం మొదలుపెట్టాయి. 2019 డిసెంబరు 12న డీజీఎఫ్‌టీ (విదేశీ వ్యాపార నియమాలు చూసే కేంద్ర విభాగం) నోటిఫికేషన్ ఇచ్చి ఆ దారి మూసేసింది. ప్రాణాలు కాపాడే మందులు, రాఖీలు తప్ప మిగతావి పోస్టులోనో కొరియర్‌లోనో గిఫ్ట్ పేరుతో సుంకం లేకుండా రావడానికి వీల్లేదు. పూర్తి సుంకం కడితే గిఫ్ట్ అయినా తెచ్చుకోవచ్చు. కాబట్టి బావగారు కొని కొరియర్ చేసినా పన్ను అంతే. పైగా న్యూజెర్సీ చిరునామాకి డెలివరీ తీసుకుంటే ఆయన అక్కడి సేల్స్ ట్యాక్స్ కూడా కట్టాలి, నేరుగా మన దేశానికి పంపిస్తే అది ఉండదు. అంటే ఆ సలహాతో ఖర్చు పెరుగుతుంది.

ధర తక్కువ చేసి రాయించడం ఇంకా ప్రమాదం. ఇందుకూరుపేట వైపు ఒక రైతుకి ఇలాగే జరిగింది. అమ్మకందారు తనంతట తానే పార్శిల్ మీద 20 డాలర్లని రాశాడు. కస్టమ్స్ వాళ్లు అదే మోడల్ ధర నెట్‌లో చూసి, కార్డు స్టేట్‌మెంట్ పంపమన్నారు. ఆయన నిజం చెప్పి అసలు బిల్లు ఇచ్చాడు కాబట్టి సుంకం, కొంత జరిమానాతో బయటపడ్డాడు. చెప్పిన విలువ నమ్మశక్యంగా లేకపోతే దాన్ని తోసిపుచ్చే అధికారం వాళ్లకి ఉంది, తప్పుడు విలువ చూపిన సరుకుని స్వాధీనం కూడా చేసుకోవచ్చు. పార్శిల్ ఆగినన్ని రోజులు గోదాము అద్దె విడిగా పడుతుంది. మీటర్ చేతికొచ్చేసరికి ఆ పంట రొయ్యలు పట్టేయడం కూడా అయిపోయింది. అమ్మకందారుకి ముందే మెసేజ్ పెట్టండి, అసలు బిల్లే పెట్టెకి అంటించమని.

800 డాలర్ల దాకా పన్ను లేదని మీరు వీడియోలో విన్నారన్నారు. అది అమెరికాలోకి వచ్చే పార్శిళ్లకి అక్కడ ఉండిన నియమం. దాన్ని కూడా 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. సుంకం ఎప్పుడూ సరుకు దిగే దేశానిది. మన రొయ్యల మీద అమెరికా వేసిన సుంకాలు మన కౌంటు రేట్లని (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని బట్టి కట్టే ధరల్ని) దెబ్బతీశాయి కానీ, మీరు తెప్పించుకునే మీటర్ ధరని అవి మార్చవు. మన దేశంలో ఇంత మొత్తం లోపు కొనుగోళ్లకి సుంకం ఉండదనే సాధారణ పరిమితి ఏదీ లేదు.

అలాగే నెట్‌లో 77 శాతం పన్ను అని చదివి టెన్షన్ పడేవాళ్లు ఉన్నారు. దాని వెనక నిజం ఉంది. సొంత వాడకానికి పోస్టులో వచ్చే వస్తువులకి, దాదాపు అన్నిటికీ, 9804 అనే ఒకే శీర్షిక ఉంది. కొన్నేళ్లు దాని కింద మూల సుంకం 35 శాతం, సర్‌చార్జి 3.5, వాటి మీద 28 శాతం ఐజీఎస్‌టీ కలిసి 77.28 శాతం అయ్యేది. మీ మీటర్ మీద ఆ రేటు పడి ఉంటే పన్నే 14,800 దాటేది. తర్వాత మూల సుంకం తగ్గించారు. 2025 సెప్టెంబరు 22న జీఎస్‌టీ శ్లాబులు మారినప్పుడు 28 శాతం కూడా పోయింది. 2026 ఫిబ్రవరి 1 బడ్జెట్ ప్రసంగంలో ఈ మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తున్నట్టు ప్రకటించారు. కాబట్టి 77 అన్నది పాత లెక్క. కొరియర్‌లో వచ్చేవాటికి చాలావరకు వస్తువు అసలు శీర్షిక కిందే సుంకం వేస్తారు. ఒకే వస్తువు పోస్టులో ఒక రేటుకి, కొరియర్‌లో ఇంకో రేటుకి రావడానికి కారణం ఇదే. ఆర్డర్ పెట్టే రోజున కస్టమ్స్ వాళ్ల ఐస్‌గేట్ వెబ్‌సైట్‌లో సుంకం కాలిక్యులేటర్ తెరిచి, శీర్షిక నంబరు కొట్టి చూసుకోండి. బడ్జెట్ వచ్చే ఫిబ్రవరి నెల చుట్టుపక్కల అయితే మరీ తప్పనిసరి.

మీ విషయంలో ఇంకో చిక్కు ఉంది, ఎవరూ దాన్ని ప్రస్తావించలేదు. సొంత వాడకానికి తెప్పించుకునే దానికి ఎగుమతి దిగుమతి కోడ్, అదే ఐఈసీ, అక్కర్లేదు. రొయ్యల గుంట మీద వాడే మీటర్ వ్యాపారానికి వాడే పరికరం. పద్ధతిగా చేస్తే ఐఈసీ ఉండాలి. అదేమీ పెద్ద పని కాదు. డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో 500 రూపాయల ఫీజుతో వస్తుంది, మీ పాన్ నంబరే కోడ్ నంబరు అవుతుంది. ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఒకసారి వివరాలు అప్‌డేట్ చేయాలి. మళ్లీ మళ్లీ తెప్పించేవాళ్లయితే తీసుకోండి. ఒక్క మీటర్ కోసం అంత తిప్పలు పడాలా అనేది ఆలోచించుకోండి. ఇంకో మాట, జీఎస్‌టీ రిజిస్ట్రేషన్ ఉండి, పన్ను పడే సరుకు అమ్మే ప్రాసెసింగ్ ప్లాంట్లు దిగుమతి మీద కట్టిన ఐజీఎస్‌టీని క్రెడిట్ తీసుకునే వీలుంటుంది. చెరువు చేసే రైతులకి మామూలుగా రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి ఆ 3,737 మీకు వెనక్కి రాదు. తెలిసిన ప్లాంటు వాళ్లు ఇంకా తక్కువకే పడిందన్నారంటే వాళ్ల లెక్క వేరు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది. డీఓ మీటర్ ఒకసారి కొని పక్కన పెట్టే వస్తువు కాదు. మీరు చూస్తున్న మోడల్ ప్రోబ్ కొసన పల్చటి పొర ఉన్న చిన్న మూత, అదే మెంబ్రేన్ క్యాప్, ఉంటుంది. లోపల ఎలక్ట్రోలైట్ ద్రవం పోయాలి. ఆ పొర మీద పాచి పట్టినా, గీత పడినా, లోపల గాలి బుడగ ఉన్నా అంకెలు తప్పుతాయి. క్యాప్ మార్చుకుంటూ ఉండాలి, కాలిబ్రేషన్, అంటే అంకెలు సరిచూసి సర్దడం, చేసుకుంటూ ఉండాలి, మన ఉప్పు నీళ్లకి సెలినిటీ (ఉప్పదనం) బట్టి అంకెలు సరిచేసే సెట్టింగ్ ఉండాలి. గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. లీటరుకి 3 మిల్లీగ్రాముల కిందికి వస్తే రొయ్యకి ఇబ్బంది మొదలవుతుంది. ఆ వేళ మీటర్ 5 చూపించి, నిజానికి నీళ్లలో 2.5 ఉంటే మీరు ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే మిషన్లు) వేయకుండా పడుకుంటారు. అప్పుడు పోయే సరుకు ముందు ఈ 715 రూపాయలు ఎంత?

అందుకే కొనేముందు క్యాప్‌లూ ద్రవమూ ఇక్కడ దొరుకుతాయా అని చూడండి. విదేశీ సైట్‌లో కొంటే విదేశీ వారంటీ వస్తుంది. పాడైతే మీ ఖర్చుతో అక్కడికి పంపాలి, రిపేరయి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ కస్టమ్స్ కాగితాలు. లోపం ఉన్న వస్తువుని వెనక్కి పంపితే కట్టిన సుంకం తిరిగి ఇచ్చే నిబంధన కస్టమ్స్ చట్టంలో ఉంది. 30 రోజుల లోపు పంపాలి, అధికారులు ఆ వస్తువుని గుర్తించాలి. ఒక్క మీటర్ కోసం ఆ దారి పట్టి చివరిదాకా వెళ్లిన వాళ్లని నేను చూడలేదు. నెల్లూరులో కొంటే పాడైన మీటర్‌ని సంచిలో వేసుకుని షాపుకి వెళ్లి నిలబడొచ్చు.

తెప్పించుకోవాలనే నిర్ణయించుకుంటే కొన్ని చూసుకోండి. బ్లూటూత్ ఉన్న మోడల్ వద్దు. వైర్‌లెస్ పరికరాలకి మన దేశంలో డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ అనుమతులు చూసే కేంద్ర విభాగం) ఆమోదం కావాలి, దాని మీద పార్శిల్ ఆగే అవకాశం ఉంది. చార్జర్ అమెరికా 110 వోల్టులదైతే మన 230కి కాలిపోతుంది, 100 నుంచి 240 దాకా పనిచేస్తుందని అడాప్టర్ మీద రాసి ఉందో లేదో అడగండి. లిథియం బ్యాటరీ ఉంటే విమాన కొరియర్‌కి అదనపు షరతులు ఉంటాయి, మామూలు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది నయం. చెరువుల మీద తిప్పడానికి డ్రోన్ కూడా అదే సైట్‌లో కొందామని రాశారు. ఆ ఆలోచన మానుకోండి. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధంలో ఉంది. పరిశోధన, రక్షణ, భద్రత లాంటి అవసరాలకే అనుమతితో మినహాయింపు. నిమ్మ మొక్కలు, విత్తనాలు కూడా సైట్‌లో చూసి ఆర్డర్ పెట్టేవి కావు, వాటికి దిగుమతి పర్మిట్, చీడలూ తెగుళ్లూ లేవని ఆ దేశం ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి.

కార్డు విషయం. 2020 నుంచి కొత్త కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు ఆపే ఉంచుతారు, బ్యాంకు యాప్‌లో మీరే ఆన్ చేయాలి, పని అవగానే ఆఫ్ చేయండి. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు, కార్డు మీది వివరాలు తెలిస్తే చాలు డబ్బు వెళ్లిపోతుంది. కట్టేటప్పుడు రూపాయల్లోనా డాలర్లలోనా అని సైట్ అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే వాళ్లు తమకి నచ్చిన రేటు వేస్తారు, కొన్ని బ్యాంకులు దాని మీద కూడా మార్కప్ తీసుకుంటాయి.

ఆర్డర్ పెట్టాక మోసగాళ్ల ఫోన్లు రావచ్చు. మీ పార్శిల్ కస్టమ్స్‌లో ఆగింది, ఇప్పుడే ఈ నంబరుకి డబ్బు పంపండి, లేకపోతే కేసు పెడతాం అంటారు. నిజంగా పార్శిల్ కోసం ఎదురుచూస్తున్న మనిషి వెంటనే నమ్మేస్తాడు. కస్టమ్స్ వాళ్లు ఎవరి సొంత ఖాతాకీ యూపీఐ చేయమని అడగరు. వాళ్లు పంపే ఏ కాగితం మీదైనా డీఐఎన్ అనే నంబరు ఉంటుంది, కస్టమ్స్‌ని నడిపే కేంద్ర బోర్డు సీబీఐసీ వెబ్‌సైట్‌లో అది సరైనదో కాదో చూసుకోవచ్చు. కొరియర్ కంపెనీ ఆధార్ అడగడం మాత్రం మామూలే, దిగుమతికి కేవైసీ తప్పనిసరి. వాళ్లు పంపిన లింక్ నొక్కకుండా, ట్రాకింగ్ నంబరుతో ఆ కంపెనీ సైట్‌కి మీరే వెళ్లి అక్కడ అప్‌లోడ్ చేయండి, సుంకం కూడా అక్కడే కట్టండి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

బయటి నుంచి తెప్పించడం ఎప్పుడు లాభం అంటే, మొత్తం ఖర్చు కలిపినా ఇక్కడి ధర కంటే నాలుగో వంతు తగ్గినప్పుడు, లేదా ఆ వస్తువు ఇక్కడ అసలు దొరకనప్పుడు. తేలిగ్గా ఉండే, పాడవడానికి ఏమీ లేని విడిభాగాలకి అది బాగా కుదురుతుంది. మీ మీటర్‌కి కుదరదు.

షాపుకి ఫోన్ చేసి నాలుగు విషయాలు అడగండి: 27 వేలల్లో జీఎస్‌టీ కలిసిందా, వారంటీ కార్డు మన దేశానిదేనా, మెంబ్రేన్ క్యాప్‌లు స్టాకులో ఉన్నాయా, ఒక్కోటి ఎంత? రెండు క్యాప్‌లూ ఒక సీసా ద్రవమూ కలిపి అదే ధరకి ఇమ్మని బేరమాడండి, చాలాసార్లు ఇస్తారు. వాళ్లు క్యాప్‌లు మా దగ్గర ఉండవు అంటే మోడల్ నంబరు ఇక్కడ పెట్టండి. క్యాప్‌లు మాత్రమే తెప్పించుకుంటే ఎంత పడుతుందో, ఏ శీర్షిక కింద వస్తాయో లెక్క వేసి చెప్తాను.